కాలు కింద పెట్టండి

తెలుగువాళ్ళం ప్రేమను కొలిచే కొలతల్లో కాలు ఒకటి. కొత్త కోడల్ని అత్తవారు ఎలా చూసుకుంటున్నారని అడిగితే, బాగా చూసుకుంటున్నప్పుడు వచ్చే జవాబు: 'కాలు కింద పెట్టనివ్వడం లేదమ్మా!' బిడ్డను అరికాలు కందకుండా పెంచామని చెప్పుకుంటాం. అంచేత మోకాలు బెణికిన మనిషికి ఇంటిల్లిపాదీ, పరామర్శకు వచ్చిన వీధి వీధంతా ఏకగ్రీవంగా చెప్పేది కూడా అదే కావడంలో వింత లేదు: కాలు కింద పెట్టకు. ఈ మాటను ఖండించబోతే ప్రేమనే కాదంటున్నట్టు ఉంటుంది. అయినా ఖండించక తప్పదు. నా మోకాలిని షటిల్ కోర్టు పాడుచేసినదాని కంటే ఆ మాట ఎక్కువ పాడుచేసింది.

జరిగింది చిన్నదే. 49 ఏళ్ళ వయసులో, ఒక ఆదివారం పొద్దున, అపార్ట్‌మెంట్ వెనక సిమెంటు కోర్టులో, అందని కాక్ కోసం ఒంటికాలి మీద గిర్రున తిరిగాను. పాదం నేలకి అతుక్కుపోయింది, ఒళ్ళు తిరిగింది, మధ్యలో ఉన్న మోకాలు లోపలికి ఒరిగింది. లోపలి పక్కన పట్టకారుతో లాగినట్టు నొప్పి. సాయంత్రానికి వాపు. మర్నాడు ఎముకల డాక్టరు మోకాలిని అటూ ఇటూ వంచి చూసి, లోపలి లిగమెంట్‌కి రెండో గ్రేడు బెణుకు అన్నారు. అంతవరకూ సరిగ్గానే ఉంది. తర్వాతి మాటతోనే నా తగాదా: 'మూడు వారాలు కంప్లీట్ రెస్ట్.' బిళ్ళలు రాశారు, నీ క్యాప్ రాశారు, తర్వాతి పేషంటును పిలిచారు.

నేను చెప్పిన మాట వినే రకం. బాత్రూముకి తప్ప 19 రోజులు మంచం దిగలేదు. 20వ రోజున లేచి నిలబడితే నొప్పి దాదాపు లేదు. సంబరపడి అడుగు వేశాను. కాలు నాది కాదనిపించింది. పూర్తిగా చాపలేను, పూర్తిగా ముడవలేను, మెట్టు దిగబోతే ముందుకు కూలిపోతుంది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి టేపు తీసి మోకాలి చిప్పకి 10 సెంటీమీటర్ల పైన రెండు తొడలూ కొలిచింది. దెబ్బ తగిలిన వైపు 2.5 సెంటీమీటర్లు తక్కువ. "లిగమెంట్ దాని దారిన అది మానుతోంది సార్. పోయింది మీ తొడ," అంది.

ఆ 19 రోజుల్లో నాకు అందిన సలహాలన్నీ రాస్తే ఒక గ్రంథం. చింతపండు, ఉప్పు ఉడికించి పట్టు వేయమన్నారు. వావిలాకు కాపడం పెట్టమన్నారు. ఎదురుకాళ్ళతో పుట్టినవాడు ఒకడు పక్క వీధిలో ఉన్నాడు, వాడి చేత తొక్కిస్తే సరి అని మా వాచ్‌మన్ సీరియస్‌గా చెప్పాడు. (అది నడుం పట్టేసినప్పటి వైద్యం, మోకాలికి పనికిరాదని ఇంకొకాయన అడ్డుకున్నాడు గనక బతికాను.) వీటితో నాకు పెద్ద పేచీ లేదు. చింతపండు పట్టు వల్ల చర్మం మండటం తప్ప పోయేదేమీ లేదు. మొదటి రెండు మూడు రోజులు వాపు మీద కాపడం, మర్దనా మాత్రం కూడదు. అయితే నాటువైద్యం వాళ్ళూ, ఇంగ్లీషు వైద్యం వాళ్ళూ, వాచ్‌మనూ, కార్పొరేట్ ఆసుపత్రీ ఒక్క మాట మీద కలిసిన చోటు విశ్రాంతి. ఇంతమంది కలిసి చెప్పేది తప్పెలా అవుతుందని నేనూ అనుకున్నాను.

తప్పు ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. మన భాషలో లిగమెంట్‌కి వాడుకలో పేరు లేదు. ఒంట్లో తాడులా ఉన్నదల్లా మనకి నరమే. రక్తం పారేదీ నరమే, స్పర్శ మోసేదీ నరమే, కండను ఎముకకు కట్టేదీ నరమే, ఎముకను ఎముకకు కట్టేదీ నరమే. అందుకే మోకాలు బెణికితే 'నరం బెణికింది' అంటాం, కాస్త గట్టిగా తగిలితే 'నరం తెగింది' అంటాం. నరం తెగిందన్న మాట వినగానే పక్షవాతం గుర్తొస్తుంది. కాలు పడిపోతుందేమోనన్న భయంతో 'నరాల బలానికి' బీకాంప్లెక్స్ బిళ్ళలు మొదలవుతాయి. లిగమెంట్‌కీ ఆ బిళ్ళలకీ సంబంధం లేదు. ఇంత గందరగోళంలో కదలకుండా పడి ఉండటమే క్షేమం అనిపించడం సహజం.

నిజానికి మోకాలిని పట్టి ఉంచే ముఖ్యమైన పట్టీలు నాలుగు: లోపలి పక్కన ఒకటి, బయటి పక్కన ఒకటి, కీలు నడిమధ్యలో ఒకదాన్నొకటి దాటుతూ ముందొకటి, వెనకొకటి. లోపలి పక్కదానికి రక్తసరఫరా బాగుంటుంది, అందుకే అది తనంత తాను మానగలదు. కొద్దిగా సాగితే మొదటి గ్రేడు, 1 నుంచి 3 వారాలు. పాక్షికంగా చిరిగితే రెండో గ్రేడు, సుమారు 4 నుంచి 6 వారాలు. పూర్తిగా తెగితే మూడో గ్రేడు. అప్పుడు కూడా, మిగతా పట్టీలు బాగుంటే, చాలామందికి కత్తి పడకుండానే నయమవుతుంది. పూర్తిగా తెగిన లోపలి లిగమెంట్‌కి ఆపరేషన్ లేకుండా పునరావాస వ్యాయామంతో చూసినవాళ్ళ ఫలితాలు కుట్లు వేయించుకున్నవాళ్ళ ఫలితాలకు తీసిపోలేదని ఇండెలికాటో అనే అమెరికన్ సర్జన్ 1983లోనే చూపించాడు.

మానడం అంటే ఏం జరుగుతుంది? మొదటి కొద్ది రోజులు రక్తం చేరి, వాపు వచ్చి, చెత్త ఊడ్చే పని సాగుతుంది. ఆ తర్వాత కొన్ని వారాలపాటు కొత్త కొల్లాజెన్ పోగులు పుట్టుకొస్తాయి. పుట్టేటప్పుడు వాటికి ఒక వరసా వావీ ఉండదు, చిక్కుపడ్డ దారపుండలా అడ్డదిడ్డంగా పడతాయి. వాటిని ఒక దిక్కుకు తిప్పేది మీరు కాలి మీద వేసే బరువు. లాగుడు ఏ దిక్కున ఉందో పోగులు ఆ దిక్కున సర్దుకుంటాయి. మంగళగిరిలోనో పోచంపల్లిలోనో మగ్గం చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పడుగు బిగువుగా లేకపోతే పేక ఎంత మంచిదైనా బట్ట కుదరదు. మరీ బిగిస్తే పోగు తెగుతుంది, అదీ నిజమే. కానీ తెగుతుందన్న భయంతో మగ్గాన్నే వదులు చేసి కూర్చున్న నేతగాణ్ణి ఎవరైనా తెలివైనవాడంటారా? మోకాలి విషయంలో మనం చేస్తున్నది అదే. ఈ సర్దుబాటు ఏడాది దాకా సాగుతుంది. మూడు వారాల విశ్రాంతితో పని అయిపోయిందనుకోవడం మొదటి బెత్తెడు నేసి చీర కట్టబోవడం లాంటిది.

ఇది కేవలం ఉపమానం కాదు. 1970ల్లో ఫ్రాంక్ నోయెస్ అనే పరిశోధకుడు కోతుల కాళ్ళను 8 వారాలు కదలకుండా బంధించి, మోకాలి ముందు లిగమెంట్ ఎంత లాగితే తెగుతుందో కొలిచాడు. బలం 39 శాతం పడిపోయింది. విడిచిపెట్టాక 5 నెలలకు కూడా అది పూర్తిగా తిరిగి రాలేదు, దాదాపుగా రావడానికే ఏడాది పట్టింది. ఆ లిగమెంట్లకి దెబ్బ తగల్లేదని గుర్తుంచుకోండి. ఆరోగ్యంగా ఉన్నవాటిని కేవలం ఊరికే ఉంచితే వచ్చిన నష్టం అది. తర్వాత శావియో వూ అనే పరిశోధకుడి బృందం కుందేళ్ళలో లోపలి లిగమెంట్‌ని 9 వారాలు అలాగే ఉంచి చూస్తే బలం మూడో వంతుకు దిగింది. ఇక కండ సంగతి మనుషుల్లోనే చూశారు. 2014లో అచ్చయిన డచ్ పరిశోధనలో ఆరోగ్యవంతులైన 24 మంది కుర్రవాళ్ళకి ఒక కాలికి నిలువునా కట్టు వేశారు. కట్టు 5 రోజులున్నవాళ్ళకి తొడ ముందు కండ 3.5 శాతం తగ్గింది, బలం 9 శాతం తగ్గింది. 14 రోజులున్నవాళ్ళకి కండ 8 శాతం పైన, బలం దాదాపు 23 శాతం పోయాయి. కుర్రవాళ్ళకే ఇలా ఉంటే, 19 రోజులు పడుకున్న 49 ఏళ్ళవాడి తొడ గురించి టేపు చెప్పింది అబద్ధమెలా అవుతుంది?

ఇక్కడ మనవాళ్ళు వెక్కిరింపుకి వాడే మాట ఒకటి అక్షరాలా నిజమవుతుంది. సంబంధం లేని వాటిని కలిపితే బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టావంటాం. ఆ ముడి ఉంది. కీలులో నీరు చేరగానే మోకాలు మెదడుకీ వెన్నుపాముకీ కబురు పంపుతుంది, అక్కణ్ణుంచి తొడ కండకి ఆజ్ఞ తగ్గిపోతుంది. 20 నుంచి 30 మిల్లీలీటర్లు, అంటే నాలుగు నుంచి ఆరు టీ చెంచాల నీరు చేరితే చాలు, తొడ లోపలి పక్క కండ నిద్రపోతుందని 1980ల్లోనే తేల్చారు. కండ చిక్కిపోవడం ఒక ఎత్తు, ఉన్న కండను వాడుకోవడం శరీరం మానేయడం ఇంకో ఎత్తు. మెట్టు దిగబోతే నా కాలు కూలిపోయింది అందుకే. దీనికి మందు మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని తొడ బిగించడం. 5 అంకెలు లెక్కపెట్టి వదలడం. మంచం మీదే, రెండో రోజునుంచే చేయొచ్చు. ఖర్చు ఒక తువ్వాలు. నాకీ సంగతి 20వ రోజు దాకా ఒక్కరూ చెప్పలేదు.

మరి విశ్రాంతికి ఇంత పరపతి ఎలా వచ్చింది? దీనికి పెద్ద వంశమే ఉంది. 19వ శతాబ్దంలో లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ అనే వైద్యుడు ఉండేవాడు. తరతరాలుగా ఎముకలకు కట్లు కట్టే నాటువైద్యుల ఇంట పుట్టి, చదువుకుని డాక్టరయ్యాడు. కీలుకు విశ్రాంతి ఇస్తే చాలదు, అది నిర్బంధంగా, మధ్యలో ఆపకుండా, దీర్ఘకాలం ఇవ్వాలన్నది ఆయన పట్టు. ఆయన తిక్క మనిషి కాదు. ఆ రోజుల్లో కీళ్ళను తినేసేది క్షయ, దానికి మందు లేదు. కదలనివ్వకపోవడమే అప్పటికి ఉన్న ఆయుధం. ఆయన కనిపెట్టిన బద్దకట్టు మొదటి ప్రపంచయుద్ధంలో తొడ ఎముక విరిగిన సైనికుల్ని వేలాదిగా బతికించింది. అదే కాలంలో ఫ్రాన్సులో లూకా షాంపియోనియెర్ అనే వైద్యుడు కదలికే జీవమని వాదించాడు గానీ, ఆయన మాట చాలాకాలం మరుగున పడింది. క్షయకు మందు వచ్చింది, కాలం మారింది, క్షయ కీలుకు రాసిన చీటీ మాత్రం బెణికిన మోకాలికి ఇంకా తిరగరాస్తూనే ఉన్నారు.

రెండో తాత అమెరికావాడు. 1978లో గేబ్ మర్కిన్ అనే వైద్యుడు ఆటల దెబ్బలకి నాలుగక్షరాల సూత్రం ఇచ్చాడు: విశ్రాంతి, ఐసు, బిగుతు కట్టు, కాలు ఎత్తులో పెట్టడం. ఇంగ్లీషులో మొదటి అక్షరాలు కలిపితే 'రైస్'. మనకి రైస్ అంటే చాలు కదా, వదల్లేదు. ఫస్ట్ ఎయిడ్ చార్టుల మీదా, మెడికల్ షాపుల గోడల మీదా అదే. అయితే 2014 నాటికి ఆ మర్కినే, ఐసూ పూర్తి విశ్రాంతీ రెండూ మానడాన్ని ఆలస్యం చేయవచ్చునని రాశాడు. కనిపెట్టినవాడు వెనక్కి తీసుకున్న సూత్రాన్ని మనం పట్టుకు వేలాడుతున్నాం. నొప్పి భరించలేనప్పుడు పది నిమిషాలు ఐసు పెట్టుకుంటే తప్పని నేననను. అది నొప్పిని మరిపించేదే గానీ మోకాలిని మాన్పేది కాదు.

'నాకు రెస్టుతోనే తగ్గింది' అనేవాళ్ళ అనుభవాన్ని కాదనలేం. తగ్గింది. నాకూ తగ్గింది. తగ్గింది నొప్పి. బెణుకు నొప్పి రెండు మూడు వారాల్లో ఏం చేసినా చాలావరకు తగ్గుతుంది. కాకి వాలడం, తాటిపండు పడడం ఒకేసారి జరిగితే పండు కాకి వల్లే పడిందంటే తర్కశాస్త్రం చదవనివాళ్ళు కూడా ఒప్పుకోరు. నొప్పి పోవడం మోకాలు బాగవడం కాదు. నొప్పి పోయింది గదా అని ఏడో వారంలో కోర్టులోకి దిగి, అదే మోకాలిని మళ్ళీ బెణికించుకుని, 'ఒకసారి బెణికితే ఇక అంతేనండీ, అది పాతదెబ్బ అయిపోతుంది' అని వేదాంతం చెప్పేవాళ్ళు ప్రతి వాకింగ్ గ్రూపులో ఇద్దరైనా ఉంటారు. పాతదెబ్బను తయారుచేసింది చాలాసార్లు కొత్తదెబ్బ కాదు, దాని వెనకాల తీసుకున్న విశ్రాంతీ, ఆ వెంటనే వేసిన గంతూ.

రెండో అభ్యంతరం ఇంకా బలమైంది. నొప్పి అంటే శరీరం చేసే హెచ్చరిక కదా, నొప్పి పుడుతుండగా బరువు వేయమంటారా? హెచ్చరికే. అయితే హెచ్చరికలన్నీ ఒక రకంవి కావు. ఇంట్లో కుక్క మొరిగితే ప్రతిసారీ దొంగ వచ్చాడనుకుని పోలీసులకు ఫోను చేయం. ఏ మొరుగు దేనికో నేర్చుకుంటాం. ఫిజియో అమ్మాయి నాకు నేర్పిన లెక్క సులువు. వ్యాయామం చేస్తుండగా పదికి మూడు నాలుగు పాళ్ళ నొప్పి ఉంటే ఫరవాలేదు. మర్నాడు పొద్దున లేచేసరికి నొప్పీ వాపూ మామూలు స్థాయికి వస్తే నిన్నటి మోతాదు సరైనదే. రాకపోతే నిన్న ఎక్కువైంది, ఇవాళ సగం చేయాలి. మానేయక్కర్లేదు, సగం. ఇందులో కీలకం 'మర్నాడు పొద్దున'. అప్పటికప్పుడు పుట్టే నొప్పిని చూసి భయపడటం వల్లే మంచం గెలుస్తోంది.

కాలు కింద పెట్టకూడని మోకాళ్ళు కూడా ఉన్నాయి, వాటి సంగతి దాచిపెడితే ఈ వ్యాసమూ ఒక నాటువైద్యమే అవుతుంది. దెబ్బ తగిలినప్పుడు లోపల టప్పుమని చప్పుడై, గంట రెండు గంటల్లో మోకాలు కుండలా ఉబ్బితే, నడుస్తుంటే మోకాలు పక్కకు జారిపోతుంటే, ఒక భంగిమలో ఇరుక్కుపోయి చాపలేకపోతే, ఆ రోజే డాక్టరుకి చూపించాలి. ఎక్స్‌రే ఎప్పుడు అవసరమో కెనడాలోని ఆటవాలో 1990ల్లో ఒక నియమం కట్టారు: వయసు 55 లేదా ఆ పైన ఉన్నా, చిప్ప మీదో బయటి ఎముక తల మీదో నొక్కితే నొప్పి ఉన్నా, మోకాలు 90 డిగ్రీలు ముడవలేకపోయినా, నాలుగడుగులు వేయలేకపోయినా తీయాలి. ఇవేవీ లేకపోతే చాలాసార్లు అక్కర్లేదు. పిక్క వాచి, వేడెక్కి, నొప్పి పెడితే అది మోకాలి వ్యవహారం కాదు, రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. అలా గడ్డకట్టడానికి ఒక కారణం కదలకుండా పడుకోవడమే.

మొదటి రెండు మూడు రోజులు కాలికి పని తగ్గించడం, కాలు ఎత్తులో పెట్టడం, ఊతకర్ర పట్టుకోవడం, రెండో మూడో గ్రేడు దెబ్బకి పక్కలకు ఊగనివ్వని కీలు బ్రేస్ వేసుకోవడం, వీటిని విశ్రాంతి అంటే నాకూ సమ్మతమే. నా వాదం మూడో రోజు తర్వాత సాగే విశ్రాంతితో. ఆ ఎలాస్టిక్ నీ క్యాప్‌ని ఆరేళ్ళ తర్వాత కూడా తాయెత్తులా వదలకుండా తొడుక్కునేవాళ్ళతో.

నడిమధ్య లిగమెంట్ తెగితే ఆపరేషనే గతి అన్నది ఇంకో నమ్మకం. అక్కడ కూడా కథ అంత సూటిగా లేదు. స్వీడన్‌లో ముందు లిగమెంట్ తెగిన 121 మంది చురుకైన యువతీయువకులను రెండు జట్లు చేశారు. 62 మందికి వెంటనే ఆపరేషన్, 59 మందికి ముందు వ్యాయామం, కావాలనిపిస్తే తర్వాత ఆపరేషన్. 2010లో వచ్చిన రెండేళ్ళ ఫలితాల్లో రెండు జట్ల మోకాళ్ళ తీరులో తేడా లేదు. రెండో జట్టులో అప్పటికి కత్తి దాకా వెళ్ళింది 23 మందే, ఐదేళ్ళకి సగం మంది. అంటే ఆపరేషన్ అక్కర్లేదని కాదు, కొందరికి కావాలి. మోకాలు మాటిమాటికీ జారేవాళ్ళకి తప్పదు. కానీ ముందు వ్యాయామం చేసి చూడమని చెప్పే ఓపిక మన దగ్గర ఎందరికుంది?

ఎమ్మారై కాగితం ఈ ఓపికను మరీ చంపేసింది. రిపోర్టు చేతికి రాగానే దాన్ని ఫోనులో ఫొటో తీసి బంధువులందరికీ పంపుతాం, అందులో 'టేర్' అన్న మాట కనబడగానే అందరూ గుండెలు బాదుకుంటారు. 2008లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 50 దాటిన మామూలు జనానికి మోకాలి స్కాన్ తీస్తే, మూడో వంతు మందికి మెత్తటి గుజ్జుపట్టీలో చిరుగు కనబడింది. ఆ చిరుగున్నవాళ్ళలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో నొప్పే లేదు. జుట్టు నెరిసినట్టే మోకాలి లోపలా కాస్త నెరుస్తుంది. బొమ్మ చూసి మంచం ఎక్కడం తెల్లవెంట్రుక చూసి వీలునామా రాయడమే.

అసలు మనకి మోకాలంటే టైరు. అరుగుతుంది, గుజ్జు అయిపోతుంది, కనక పొదుపుగా వాడాలి. టీవీలో మధ్యాహ్నం పూట నూనెలూ పొడులూ అమ్మేవాళ్ళు ఈ మాట మీదే బతుకుతున్నారు. టైరు తనంత తాను బలపడదు, మోకాలు బలపడుతుంది. కీలు లోపలి మృదులాస్థికి రక్తనాళాలు లేవు. బరువు పడి వదిలినప్పుడల్లా పీల్చుకునే ద్రవమే దానికి తిండి. వాడకపోవడం పొదుపు కాదు, పస్తు. 40 దాటాక దెబ్బ తగిలిందంటే చాలు, 'ఇక కింద కూర్చోకండి, మెట్లెక్కకండి, ఆటలు మానేయండి' అని మనిషికి పదవీ విరమణ ఇప్పించేస్తారు. రెండేళ్ళకి ఆ మోకాలు నిజంగానే మొరాయిస్తుంది. అప్పుడు 'మేం ముందే చెప్పాం' అంటారు.

రియో ఒలింపిక్స్ నుంచి వచ్చి 2016 ఆగస్టులో మోకాలికి ఆపరేషన్ చేయించుకున్న సైనా నెహ్వాల్ 2017 జనవరిలో మలేసియా మాస్టర్స్ గెలిచింది. పుల్లెల గోపీచంద్ మోకాలి ఆపరేషన్ల తర్వాతే 2001లో ఆల్ ఇంగ్లండ్ కొట్టాడు. వాళ్ళ మధ్యకాలం మంచం మీద గడిచిందని ఎవరూ అనుకోరు. 'వాళ్ళు ప్లేయర్లండీ' అంటారు. కొల్లాజెన్ పోగుకి మనం ప్లేయరో గుమాస్తావో తెలియదు. తేడా మోతాదులో ఉంటుంది, సూత్రంలో కాదు.

ఈ విశ్రాంతి సిద్ధాంతం అసలు ఎవరికి కుదురుతుందో కూడా చూడాలి. మూడు వారాల సెలవు ఉన్న నాలాంటివాళ్ళకి. మా ఇంటి దగ్గర తాపీపని చేసే ఒకాయనకి నా తర్వాత నెలలో ఇలాగే బెణికింది. నాలుగో రోజున గుడ్డ బిగించి పరంజా ఎక్కాడు. నేను మరీ తక్కువ చేశాను, ఆయన మరీ ఎక్కువ చేశాడు. ఇద్దరికీ కావలసింది నడిమి దారి, అది ఇద్దరికీ ఎవరూ చూపించలేదు. ఇంటి ఆడవాళ్ళ సంగతి ఇంకో రకం. 'నీకు ఇంటిపనే ఎక్సర్‌సైజు' అనేస్తారు. కాదు. వంటింట్లో గంటల తరబడి నిలబడటం మోకాలిని అలసిపోయేలా చేస్తుంది గానీ తొడకు బలం ఇవ్వదు. పది నిమిషాలు స్టవ్ ఆపేసి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చుంటే వచ్చేది వేరు.

నేను పట్టిన దారి కూడా అంతే సాదాది. తువ్వాలు మీద తొడ బిగించడం, మంచం మీద మడమ జరుపుతూ మోకాలు ముడవడం, కాలు చాచి పైకెత్తడం. తర్వాత గోడకి వీపు ఆనించి కొద్దిగా కిందికి జారడం, కుర్చీ, గడప, ఒక మెట్టు. పళ్ళు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడటం. ఇది తేలిగ్గా కనబడుతుంది, చేసి చూడండి. బెణుకు తర్వాత తిరిగిరావలసింది బలం ఒక్కటే కాదు, కాలు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగల తెలివిడి కూడా. విసుగు పుట్టించే పని ఇది, ఒప్పుకుంటాను. విశ్రాంతి గెలవడానికి ఇదీ ఒక కారణం. విశ్రాంతిని ఇంకొకరు మనకి ఇవ్వగలరు. పండ్లు తెచ్చి, దిండు సర్ది, టీవీ రిమోట్ చేతికిచ్చి ఇవ్వగలరు. తొడ బిగించడం మనమే చేసుకోవాలి.

మా పిన్ని సంగతి చెప్పకపోతే అన్యాయం. నేను పడిన మర్నాడే వచ్చి, "ఒరే, నువ్వు కాలు కింద పెట్టావంటే నామీద ఒట్టే," అంది. ఆ నోటితోనే, నా మోకాలు బాగయితే అలిపిరి నుంచి నడిపించి కొండెక్కిస్తానని వేంకటేశ్వరస్వామికి మొక్కింది. 3,550 మెట్లు. చివర్లో మోకాళ్ళ పర్వతం. అంటే ఆవిడ లెక్కలో మోకాలికి రెండే స్థితులు: మంచం, కాకపోతే 3,550 మెట్లు. ఒకటో మెట్టుకీ పదో మెట్టుకీ వందో మెట్టుకీ అందులో చోటు లేదు. నేను కోపంగా వాదిస్తే ఆవిడ వినేది కాదు. ఒకరోజు కుర్చీ ముందు నిలబడి, "పిన్నీ, పది లెక్కపెట్టు," అన్నాను. ఏడు దగ్గర నా కాలు వణికింది. ఆవిడ లెక్క ఆపేసి కూర్చోమంది. కూర్చోలేదు. ఎనిమిది ఆవిడ నోటి నుంచి వినబడ్డాకే కదిలాను.

ఇప్పటికి 16 వారాలు. తొడల మధ్య తేడా ఇంకా అర సెంటీమీటరు ఉంది. బాసింపట్టు వేసుకుని పావుగంట కూర్చుంటే లేచేటప్పుడు మోకాలు గుర్తుచేస్తుంది. మా మూడంతస్తులూ రోజూ ఎక్కుతున్నాను. దిగడమే కష్టం. దిగేటప్పుడు తొడ కండ సాగుతూ బరువును ఆపాలి, మోకాలి మీద భారం అప్పుడే ఎక్కువ. ఈ సంగతి పిన్నికి విడమరచి చెప్పాను. కొండకి ఎప్పుడు వెళ్దామంటే, ఇంకో రెండు నెలలు ఆగమన్నాను. ఆలోచించి, మొక్కులో ఎక్కడం ఒక్కటే చెప్పుకున్నానని, దిగడం గురించి స్వామికి మాటివ్వలేదని తేల్చింది. వచ్చేటప్పుడు బస్సు.